ఒక్కో రూపాయి పంపుతూ బెదిరిస్తున్నాడు

న్యాయ సలహా

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకుని ఏడాది దాటింది. పెళ్లయిన కొత్తలోనే అతను చెయ్యి చేసుకోవడం మొదలుపెట్టాడు. చివరికి ఒకరోజు పాప ఎదుటే నా గొంతు పట్టుకున్నాడు. ఆ రాత్రే పాపను తీసుకుని బయటికొచ్చేశాను. ఫిర్యాదు ఇస్తానంటే ‘విడాకులకు ఒప్పుకుంటున్నాడు కదా, కేసులెందుకు’ అని అందరూ ఆపారు. రాజీ పత్రంలో ఇకపై ఒకరి మీద ఒకరు ఏ కేసూ పెట్టుకోకూడదని రాసి సంతకాలు చేశాం.

విడాకులతో పీడ వదిలిందనుకున్నాను. ఫోన్లో, వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో అన్నిచోట్లా బ్లాక్ చేశాను. ఇప్పుడు యూపీఐలో నాకు ఒక్కో రూపాయి పంపుతున్నాడు. కింద రిమార్కులో ‘నీలం డ్రెస్ బాగుంది’, ‘లిఫ్టులో వాడెవడు’, ‘పాప స్కూలు వదిలే టైము నాకు తెలుసు’ అని రాస్తాడు. పోయిన నెల ‘ఎక్కడికి పోయినా పాతేస్తా’ అని వచ్చింది. కోర్టు ఆర్డరు ప్రకారం నెలకు రెండు శనివారాలు పాపను చూపించాలి. అప్పగించేటప్పుడు నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగుతాడు. ఉద్యోగం మారి వేరే ఊరొచ్చి అక్క వాళ్లింట్లో ఉంటున్నాం. ఆఫీసు ఎక్కడో కనుక్కుని అక్కడికీ వచ్చాడు. స్టేషన్‌కు వెళ్తే, ‘విడాకులైపోయాక గృహహింసేంటమ్మా, రూపాయి పంపితే కేసేంటి’ అని నవ్వారు. మా బావగారేమో గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవద్దంటున్నారు. నాకు అతని డబ్బు వద్దు. జైలుకు పోవాలనీ లేదు. మా జోలికి రాకుండా ఉంటే చాలు. చట్టంలో దారి ఉందా?

పేరు రాయవద్దు

జవాబు: దారి ఉందమ్మా. అయితే చట్టం కంటే ముందు ఆ రూపాయల సంగతి చెబుతాను.

స్టేషన్లో నవ్విన వాళ్లు అవేమిటో చూడలేదు. అతను తన సొంత ఖాతా నుంచి, తన పేరుతో, తేదీ, సమయం, లావాదేవీ నంబరుతో సహా మీకు బెదిరింపులు పంపుతున్నాడు. వాట్సాప్ మెసేజ్ చూపిస్తే ‘నా ఫోన్ ఎవరో వాడారు’, ‘ఆ స్క్రీన్‌షాట్ వాళ్లే తయారుచేశారు’ అనేవాళ్లను కోర్టులో ఎప్పుడూ చూస్తూనే ఉంటాను. బ్యాంకు రికార్డు ముందు ఆ వాదన అంత తేలిగ్గా నిలవదు. కాబట్టి ముందు మీ బ్యాంకుకు వెళ్లి, మొదటి రూపాయి వచ్చిన నెల నుంచి ఇప్పటిదాకా స్టేట్‌మెంట్ అడగండి. బ్యాంకు పుస్తకాల సాక్ష్యానికి 1891 నాటి చట్టం ఒకటి ఉంది, దాని ప్రకారం ధ్రువీకరించి ఇవ్వమని రాతపూర్వకంగా కోరండి. స్టేట్‌మెంట్‌లో రిమార్కు సగమే పడితే, యాప్‌లో ఒక్కో లావాదేవీ తెరిచి, నంబరు, రాత రెండూ కనపడేలా ప్రింటు తీయించండి. ఇలాంటి ప్రింట్లకు జతచేయాల్సిన సర్టిఫికెట్ నమూనా భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఉంటుంది, అది లాయరు చూసుకుంటారు. మీరు చెయ్యాల్సిందల్లా ఆ యాప్ తీసేయకుండా, ఆ ఫోన్ ఎక్స్‌ఛేంజ్ ఆఫర్లో ఇచ్చేయకుండా ఉండటం. ఇంకో మాట. కోపమొచ్చి రూపాయి తిరిగి పంపి కింద ‘ఇక ఆపు’ అని రాసేరు, వద్దు. మీ వైపు నుంచి వెళ్లిన ఒక్క రూపాయిని పట్టుకుని ‘చూడండి, ఇద్దరం మాట్లాడుకుంటున్నాం’ అంటాడు.

విడాకులైపోయాక గృహహింస ఏమిటన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు ఎప్పుడో జవాబు చెప్పింది. గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. ఇప్పుడు కలిసి ఉంటున్నారా లేదా అని అది అడగదు. ఎప్పుడైనా ఒకే ఇంట్లో కాపురం చేశారా అని అడుగుతుంది. 2022 మే 12న ప్రభా త్యాగి కేసులో సుప్రీంకోర్టు ఇదే విడమరిచి చెప్పింది. పిటిషన్ వేసేనాటికి ఆ బంధం లేకపోయినా, ఆ బంధం కారణంగా తర్వాత హింసకు గురైనా ఈ చట్టం కింద రావచ్చంది. మీ పరిస్థితి అచ్చంగా అదే. ఆ తీర్పు ప్రింటు ఒకటి ఫైల్లో పెట్టుకోండి. గొంతు పట్టుకున్న సంఘటన పాతదైపోయిందని వదిలేయకండి, దాన్నీ పిటిషన్లో రాయించండి. సంఘటన జరిగిన ఏడాదిలోపే రావాలన్న గడువు ఈ పిటిషన్‌కు అడ్డు రాదని కూడా 2022లోనే ఇంకో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక రాజీ పత్రం. అది అప్పటిదాకా జరిగిన వాటిని ముగించడానికి రాసుకున్నది. ఆ తర్వాత బెదిరించడానికి, వెంటపడటానికి మీరు ముందుగానే అనుమతి రాసిచ్చినట్టు కాదు. కానీ దాన్ని దాచకండి. మీ పిటిషన్‌కు మీరే జతచేసి, ‘ఇలా ఒప్పుకుని, ఇదిగో ఇలా చేస్తున్నాడు’ అని చెప్పండి. అతని లాయరు దాన్ని బయటికి తీసి, మీరేదో దాచారని చెప్పే అవకాశం ఇవ్వకూడదు.

జైలు విషయంలో మీ బావగారికీ కాస్త ధైర్యం చెప్పండి. మేజిస్ట్రేట్ కోర్టులో ఈ పిటిషన్ వేయగానే ఎవరినీ అరెస్టు చేయరు. కోర్టుల దగ్గర దీన్ని డీవీసీ అంటారు, అంటే గృహహింస కేసు. ఇందులో మీరడిగేది శిక్ష కాదు, ఉత్తర్వు. పోలీసుల పని మొదలయ్యేది అతను ఆ ఉత్తర్వు మీరినప్పుడు.

ఆ ఉత్తర్వులో ఏం రాసి ఉందన్నదాని మీదే తర్వాతి కథంతా ఆధారపడుతుంది. అందుకే ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. చాలా పిటిషన్లలో ‘ప్రతివాది పిటిషనరును ఎలాంటి హింసకూ గురిచేయరాదని ఆదేశించవలెను’ అని ఒక్క వాక్యం టైపు కొట్టించి వదిలేస్తారు. ఆర్డరులోకీ అదే వాక్యం దిగుతుంది. రేపు అతను మీ ఆఫీసు ఎదురుగా బైకు ఆపుకుని ఊరికే నిలబడ్డాడనుకోండి. మీరు ఫోన్ చేస్తే, ‘నిలబడితే హింసెలా అవుతుందమ్మా’ అంటాడు ఎస్సై. ఆయన తప్పు కూడా కాదు, ఆయన చేతిలో ఉన్న కాగితంలో ఆ మాట లేదు. ఈ గృహహింస చట్టం 18వ సెక్షన్‌లో మేజిస్ట్రేట్‌కు చాలా అధికారాలున్నాయి. మీరు పనిచేసే చోటికి, పాప బడికి, మీరు తరచూ వెళ్లే చోట్లకి రాకూడదని చెప్పొచ్చు. నోటితో, రాతతో, ఫోన్లో, ఎలక్ట్రానిక్ పద్ధతిలో, ఏ రూపంలోనూ మిమ్మల్ని సంప్రదించకూడదని చెప్పొచ్చు. మీకు సాయం చేస్తున్నవాళ్ల జోలికి వెళ్లకూడదనీ చెప్పొచ్చు, అంటే మీ అక్క, బావగారు కూడా ఆ నీడలోకి వస్తారు. ఇవన్నీ పేర్లతో, చిరునామాలతో అడగండి. ఆఫీసు పేరు, ఏ వీధి, ఎన్ని గేట్లు. బడి పేరు. మీరు బస్సెక్కే స్టాపు. వీటికి ఇన్ని మీటర్ల లోపు రాకూడదనీ కోరొచ్చు. రూపాయల కోసం ఈ వాక్యం యథాతథంగా రాయించండి: ‘యూపీఐ చెల్లింపుల ద్వారా గానీ, వాటి రిమార్కుల ద్వారా గానీ, ఇతరుల ఫోన్లు, ఖాతాల ద్వారా గానీ పిటిషనరును సంప్రదించరాదు.’ లాయరు ‘అంత వివరం ఎందుకమ్మా, అన్నీ అందులోకే వస్తాయి’ అంటే ఒప్పుకోకండి. ఈ ఒక్క విషయంలో మీరు మొండిగా ఉండొచ్చు, నేను చెప్పానని చెప్పండి.

మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో ఉండాలని, మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో పిటిషన్ తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలోనే ఉంది. కోర్టు మెట్లెక్కిన వాళ్లెవరికీ నేను ఆ 60 రోజుల మీద ఆశ పెట్టను. అందుకే అసలు పిటిషన్‌తో పాటు అదే రోజు 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు కోసం ఇంకో పిటిషన్, ప్రమాణపత్రంతో వేయించండి. బెదిరింపు కళ్లెదుట ఉన్నప్పుడు అవతలి పక్షం రాకముందే మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఇవ్వొచ్చు. ‘పాతేస్తా’ అన్న రిమార్కు ఉన్న పేజీ ఆ ప్రమాణపత్రానికి మొదటి కాగితంగా ఉండాలి.

పాత ఊరికి వెళ్లి వేయనక్కర్లేదు. మీరు తాత్కాలికంగా ఉంటున్న చోటయినా, ఉద్యోగం చేస్తున్న చోటయినా సరే, అక్కడి కోర్టులో వేయొచ్చు, 27వ సెక్షన్ ఆ వీలిచ్చింది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, పిటిషన్ కాపీ అతనికి వెళుతుంది. ఆఫీసు తెలిసింది గానీ మీ అక్కగారి ఇల్లు ఇంకా తెలియకపోతే, చిరునామా ఎలా చూపించాలో టైపు చేయించకముందే లాయరుతో మాట్లాడుకోండి. ఇల్లు అసలెలా తెలుస్తుందన్నదీ ఒకసారి చూసుకోండి. ఉమ్మడిగా వాడిన మెయిల్ అకౌంటు ఇంకా పాత ఫోన్లో తెరిచి ఉందా, పాపకు అతను కొనిచ్చిన ట్యాబ్ ఇంట్లో ఉందా, లొకేషన్ ఎవరితోనైనా పంచుకుంటూ ఉందా అని ఆఫీసులో తెలిసినవాళ్లెవరితోనైనా చూపించండి. మీ డ్రెస్ రంగు అతనికి తెలిసిందంటే, ఏదో ఒక దారిన కన్నేసి ఉన్నట్టే కదా.

లాయరు ఖర్చు గురించి మీరు రాయలేదు గానీ, ఇది చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. న్యాయ సేవల అధికార సంస్థల 1987 చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలి. 15100కు ఫోన్ చేసినా సరే, జిల్లా కోర్టు ఆవరణలోని సంస్థ ఆఫీసుకు వెళ్లినా సరే. 181 మహిళా హెల్ప్‌లైన్ వాళ్లు హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రానికి, ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించిన రక్షణ అధికారికి కలుపుతారు. రక్షణ అధికారి రిపోర్టు లేనిదే పిటిషన్ తీసుకోబోమని కొన్నిచోట్ల తిప్పుతుంటారు. అది తప్పనిసరి కాదని కూడా ప్రభా త్యాగి తీర్పులోనే ఉంది.

శనివారాల సంగతికొస్తే, మీరై మీరు పాపను చూపించడం మానేయకండి. అది కోర్టు ఆర్డరు, మానేస్తే తప్పు మీదవుతుంది. ఆ ఆర్డరు ఇచ్చిన కోర్టులోనే, అప్పగించే చోటు, పద్ధతి మార్చమని పిటిషన్ వేయండి. పాపను మీరు కాక మీ బావగారు అప్పగిస్తారని, లేదా కోర్టు ఆవరణలోనే చూపిస్తారని అడగొచ్చు. అక్కడి సంగతి డీవీసీలోనూ, డీవీసీ సంగతి అక్కడా చెప్పాలి. అది తేలేదాకా ఒంటరిగా వెళ్లకండి. సీసీ కెమెరా ఉన్న చోట, లోపల నిలబడి అప్పగించండి. అతను చెయ్యి పట్టుకుంటే ఆ రోజే ఆ భవనం మేనేజరుకు, ఫుటేజీ చెరిపేయకుండా దాచమని తేదీ, సమయం వేసి కాగితం ఇచ్చి, ఇంకో కాపీ మీద సంతకం తీసుకోండి. కొద్ది రోజులాగితే దాని మీద కొత్త రికార్డింగ్ పడిపోతుంది. తర్వాత ఎంత ఏడ్చినా దొరకదు.

వాయిదాలో మిమ్మల్నిద్దర్నీ కౌన్సెలింగ్‌కు పంపుతామనవచ్చు. భార్యాభర్తలు కలిసి ఉండే దారి వెతకడానికి అది పనికొస్తుందేమో గానీ, గొంతు పట్టుకున్నవాడితో ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చోబెట్టడం వల్ల మీకు ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం. కలిసి బతికే ఉద్దేశం లేదని, విడాకులు అయిపోయాయని, అతనితో ఒకే గదిలో కూర్చోలేనని మెమో వేయించండి. విచారణ తలుపులు మూసి జరపమనీ అడగొచ్చు.

ఈలోగా స్టేషన్‌ను వదిలేయకండి. వద్దన్నా మాటిమాటికీ వెంటపడటం, సంప్రదించాలని చూడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. విడాకులిచ్చి, అన్నిచోట్లా బ్లాక్ చేశాక, వద్దని చెప్పలేదని ఎవరూ అనలేరు. చంపుతానని బెదిరించడం 351 కిందికి వస్తుంది, దానికి ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. నోటితో చెప్పి రావొద్దు, రాసి ఇచ్చి రసీదు అడగండి. నేరం ఎక్కడ జరిగిందన్నదానితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలి. తీసుకోకపోతే అదే ఫిర్యాదు స్పీడ్ పోస్టులో ఎస్పీకి పంపండి. మీది కమిషనరేట్ అయితే డీసీపీకి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లే హక్కు భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 173వ సెక్షన్‌లోనే ఉంది. అతను ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం సెక్షన్లేవీ వద్దు, 112.

ఉత్తర్వు వచ్చాక కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి, స్టేషన్‌కూ పంపాలి. మీ ఆఫీసు ఉన్న పరిధిలోని స్టేషన్‌కు కూడా పంపమని కోర్టులోనే అడగండి. ఒక జిరాక్సు ఆఫీసు సెక్యూరిటీకి, ఒకటి పాప బడిలో హెడ్మాస్టరుకు ఇవ్వండి. ఫోటో మీ ఫోన్లో ఉండాలి. ఆ తర్వాత మొదటి ఉల్లంఘన ఎంత చిన్నదైనా వదలకండి. ఇంకో రూపాయి వచ్చినా సరే, అదే రోజు స్టేషన్‌కు వెళ్లండి. ఉత్తర్వు మీరితే గృహహింస చట్టం 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరం, బెయిలు హక్కుగా వచ్చేది కాదు. మీ ఒక్కరి సాక్ష్యం మీదే కోర్టు నేరం జరిగిందని నిర్ణయించొచ్చు. జైలుకు పోవాలని లేదన్నారు. అప్పుడిక అది అతను తేల్చుకోవాల్సిన విషయం.

డబ్బు వద్దన్నారు, మీ ఇష్టం. అయినా వైద్యం, ఇల్లు మారిన ఖర్చులు, పడ్డ మానసిక క్షోభకు పరిహారం అడిగే హక్కు ఇదే పిటిషన్లో ఉంది. వదులుకునేముందు ఒకసారి ఆలోచించుకోండి.

ప్రశ్న: నేనూ, అతనూ ఒకే ఆఫీసు. రెండేళ్లు ప్రేమించుకున్నాం, కలిసి కాపురం మాత్రం చేయలేదు. అనుమానంతో కొట్టేవాడు, విడిపోయాను. ఇప్పుడు కొత్త నంబర్లతో ఫోన్లు చేస్తున్నాడు, క్యాబ్ వెనకే వస్తున్నాడు, ఫోటోలు అందరికీ పంపుతానంటున్నాడు. నేను డీవీసీ వేయొచ్చా?

ఒక చెల్లెలు

జవాబు: కుదరదమ్మా. పెళ్లి కాకపోవడం అడ్డంకి కాదు. ఒకే కప్పు కింద పెళ్లిలాంటి బంధంలో ఉండి ఉండాలి. వారాంతాలు కలిసి గడిపినంత మాత్రాన సరిపోదని 2010లో వేలుసామి కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పిటిషన్ మీద నెలలు పోగొట్టుకోకుండా నేరుగా స్టేషన్‌కు వెళ్లండి. వెంటపడటానికి పైన చెప్పిన 78వ సెక్షనే. మొదటిసారి నేరం రుజువైతే మూడేళ్ల దాకా శిక్ష, కానీ బెయిలు వస్తుంది. మళ్లీ చేసి రుజువైతే ఐదేళ్ల దాకా, అప్పుడు బెయిలు హక్కు కాదు. ఆ సెక్షన్‌కు మీరు ఇష్టం లేదని స్పష్టంగా తెలిపినట్టు ఉండాలి. ఇప్పటిదాకా రాతలో చెప్పకపోతే ఒకే ఒక్క మెసేజ్ పంపండి: ‘నాతో ఏ రకంగానూ మాట్లాడొద్దు, నా వెంట రావొద్దు.’ క్షమాపణ, సంజాయిషీ, పాత సంగతులు అందులో వద్దు. తర్వాత ఏమొచ్చినా జవాబివ్వకండి, చెరిపేయకండి.

ఫోటోల బెదిరింపును అదే ఫిర్యాదులో రాయండి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్లో కూడా పెట్టండి. పంపకుండా ఉండటానికి డబ్బడిగితే అది బలవంతపు వసూలు, ఇవ్వొద్దు.

ఒకే ఆఫీసు కాబట్టి మీకు ఇంకో దారి కూడా ఉంది. పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013 చట్టం ఉంది, దాని కింద మీ సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. ఆఫీసులో జరిగినవాటిని, ఆఫీసుకు వచ్చే దారిలో సంస్థ పెట్టిన క్యాబ్‌లో జరిగినవాటిని అక్కడ రాసి ఇవ్వండి. చివరి సంఘటన నుంచి మూడు నెలల్లోపు ఇవ్వాలి. విచారణ నడుస్తుండగా అతన్ని గానీ మిమ్మల్ని గానీ వేరే చోటికి మార్చమని, మీకు మూడు నెలల దాకా సెలవివ్వమని కమిటీ సిఫారసు చేయొచ్చు. మార్చాల్సింది అతన్నే అని ఫిర్యాదులో రాయండి, లేకపోతే చాలాచోట్ల అమ్మాయినే కదిలిస్తారు.